మా ఇంటి కడలూరు బస్సు

సాయంత్రం ఆరున్నరకు మా ఇంట్లో కడలూరు బస్సు బయలుదేరుతుంది. హాల్లో కిటికీ పక్కన ఒక చెక్క స్టూలు ఉంది, అది డ్రైవరు సీటు. దాని వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలు ప్రయాణికులకు. స్టూలు మీద మా అమ్మాయి కూర్చుంటుంది. చేతిలో ట్యాబు, అందులో బస్సు నడిపే ఆట. ఆ ఆటలో కనిపించే రోడ్లు ఏ దేశానివో నాకిప్పటికీ తెలియదు. ఒకచోట కొబ్బరిచెట్లుంటాయి, మలుపు తిరిగితే మంచుకొండలుంటాయి. మా అమ్మాయికి ఆ తేడాలతో పని లేదు. మొదటి స్టాపు వస్తే ముదలియార్‌పేట, రెండోది మురుంగపాక్కం, తర్వాత అరియాంకుప్పం, తవళకుప్పం, కిరుమాంబాక్కం, కన్నియకోవిల్. మంచుకొండ పక్కన బస్సు నిలిపి "కన్నియకోవిల్ దిగండి" అని అరుస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ నవ్వకూడదు. నవ్వితే బస్సు ఆపేసి, నవ్వినవాడు నోరు మూసేదాకా వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆమెకు పదేళ్ళు. ఆటిజం ఉంది. దానికి తోడు కాలు ఒకచోట నిలవని తత్వం కూడా ఉందని, రెండూ జబ్బులు కావని, బుర్ర పనిచేసే తీరే వేరని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బస్సుల గురించి అడిగితే ఆపకుండా మాట్లాడుతుంది. "అన్నం తిన్నావా?" అని అడిగితే జవాబుండదు. యానాం నుంచి మా అమ్మ ఫోన్ చేసి "చిన్నప్పుడు వస ఎక్కువ పోసేశారేమోరా" అంది. ఇక్కడ మా అత్తగారు "వస సరిగ్గా పోయలే, అందుకే ఇట్ల" అంది. వస విషయంలో రెండు పక్షాలకూ నేటికీ రాజీ కుదరలేదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. యానాంలో పుట్టి, సర్కారు గుమాస్తాగా బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, ఇక్కడి తెలుగువాళ్ళ పిల్లను పెళ్ళి చేసుకుని కదిర్కామంలో స్థిరపడ్డాను. మా ఆవిడ పుట్టింటివాళ్ళు కిరుమాంబాక్కం రైతులు. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదవలేరు. అందుకే అత్తగారి గురించి ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాను.

స్క్రీనుకు ఒక హద్దు పెట్టుకోమని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు లోపల్లోపల సంతోషం కలిగింది. హద్దులు, గడువులు, నిబంధనలు నాకు అన్నం పెట్టే విద్య. ఆ సాయంత్రమే ట్యాబులో తాళం పెట్టాను. అరగంట కాగానే తెర దానంతటదే నల్లబడుతుంది. మనం అరవక్కర్లేదు, లాక్కోనక్కర్లేదు. ఎంత తెలివైన ఏర్పాటో అని పేపరు తీసుకుని కూర్చున్నాను.

తెర నల్లబడింది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది ప్రళయమే. పిల్ల నేలమీద పడి, చెయ్యి కొరుక్కుంటూ, "జనం! జనం!" అని కేకలు పెట్టింది. దగ్గరికి వెళ్తే తోసేసింది. కింద వాటాలోవాళ్ళు పైకొచ్చి తలుపు కొట్టారు. అన్నాల వేళకు గాని సద్దుమణగలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"మీకేం, గడియారం పెట్టేసి పేపరు చూస్తా కూచుంటారు. అది ఏడస్తా ఉంటే పట్టుకోవాల్సింది నేను" అంది మా ఆవిడ.

"అలవాటు మాన్పించాలంటే నాలుగు రోజులు ఓర్చుకోవాలి."

"నాలుగు దినాలు ఎప్పుడో అయిపోయె."

ఆమె మాట నిజమే. అయినా నేను మెత్తబడలేదు. నా మొండితనానికి ఒక కారణం ఉంది, అది బడి.

ఇప్పుడు చదువుతున్న బడిలో ఐదో తరగతి వరకే ఉంది. ఆరో తరగతికి ఎక్కడికెళ్ళినా "మా దగ్గర ఇలాంటి పిల్లలకు సౌకర్యాలు లేవండీ" అని నవ్వుతూ గేటు దాకా సాగనంపారు. చివరికి కిరుమాంబాక్కంలో ఒక చిన్న బడి దొరికింది. మేం మాట్లాడుతుంటే మా అమ్మాయి టేబుల్ కింద దూరింది. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ కూడా కుర్చీ దిగి, నేలమీద కూర్చుని, మమ్మల్ని వదిలేసి దానితోనే మాట్లాడింది. జూన్‌లో చేర్చుకుంటానంది. ఒకటే షరతు, పిల్ల రోజూ రావాలి. రెండు రోజులొచ్చి మూడు రోజులు మానేస్తే ఇలాంటి పిల్లలకు మళ్ళీ మొదటికొస్తుందని చెప్పింది.

రోజూ ఎలా వెళ్తుంది? ఆ బడికి మా వైపు వ్యాను రాదు. మా ఆవిడ సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పనిలో ఉంది. తెల్లారి కంపెనీ బస్సులో వెళ్తే సాయంత్రానికి గాని రాదు. నా ఆఫీసు వేళలూ కుదరవు. మాతోనే ఉంటున్న మా అత్తగారు "నేను పిల్చుకోని పోతా, మా ఊరే కదా" అని ముందుకొచ్చింది. ఆవిడకు వచ్చిన వాహనం బస్సొక్కటే. మా అమ్మాయేమో ఐదేళ్ళ వయసులో ఒకసారి అసలు బస్సు హారను విని, చెవులు మూసుకుని, బస్టాండు బయటిదాకా పరుగెత్తింది. మళ్ళీ ఎక్కలేదు. జూన్‌లోపు ఆమె బస్సెక్కి బడి దగ్గర దిగడం నేర్చుకోవాలి. లేకపోతే ఆమెకు బడి లేదు, మా ఆవిడ ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చోవాలి. అరచేతిలో బొమ్మ బస్సుండగా అసలు బస్సెందుకు ఎక్కుతుంది అనేది నా వాదన. అందుకే తాళం తియ్యలేదు.

ఆ బొమ్మ బస్సుకు ఒక ప్రయాణికురాలుంది, మా అత్తగారు. మొదట ఆవిడను నేనే నియమించాను, పిల్ల ట్యాబులో ఇంకేమీ చూడకుండా కాపలా కాయమని. కాపలాకు కూర్చున్న మనిషి రెండో రోజుకే టికెట్ అడిగింది. "కిరుమాంబాక్కం ఒకటి" అంటే మనవరాలు పాత క్యాలెండరు ముక్క చించి ఇచ్చింది. తర్వాత చేతిసంచి తెచ్చుకుంది. తర్వాత "ఏంది, ఇంత వేగంగా తోల్తావు, కడుపులో తిప్తా ఉండాది" అని డ్రైవరుతో తగువు. తెర మీద కిరుమాంబాక్కం రాగానే లేచి, సంచి సర్దుకుని, దిగి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అదృష్టం కొద్దీ నా అరగంట గడువు ఎప్పుడూ ఆవిడ దిగాకే పడేది.

ఒక సాయంత్రం దారిలో ఏదో లారీ అడ్డం వచ్చి బస్సు ఆలస్యమైంది. తవళకుప్పం దాటింది, కిరుమాంబాక్కం ఇంకా రాలేదు, తెర నల్లబడింది. మా అమ్మాయి స్టూలు మీంచి కిందికి జారి కేకలు మొదలుపెట్టింది. అది మామూలే. ఆ రోజు దాని వెనక ఇంకో కేక వినిపించింది.

"ఏంది మాపిళ్ళా ఇది! మా ఊరు వస్తా ఉండాది, ఇంతలో ఆపేస్తే నేనెట్ల దిగేది?"

నేను పేపరు దించి చూశాను. అత్తగారు సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. అల్లుణ్ణి మాపిళ్ళా అని తమిళంలో పిలవడం ఇక్కడి మర్యాద. ఆ పూట ఆ పిలుపులో మర్యాద తక్కువగా ఉంది.

"లేచి వంటింట్లోకి నడిచి వెళ్ళండి అత్తయ్యా" అన్నాను.

"రోడ్డు మధ్యలోనా? ఆడమనిషిని ఇట్లనే దింపేస్తారా? మీ యానాంలో ఇట్లనే చేస్తారా?"

యానాం ఊసెత్తేసరికి నాకూ రోషం వచ్చింది. ఏదో అనబోయాను. అంతలో ఇంట్లో నిశ్శబ్దంగా ఉందని గమనించాను. మా అమ్మాయి ఏడుపు ఆపి, నేలమీంచే వాళ్ళ అవ్వను చూస్తోంది. తనలాగే ఇంకొకరు కూడా ఇరుక్కుపోయారని ఆమెకు తెలిసింది అప్పుడే కాబోలు. ముక్కు తుడుచుకుని నాతో అంది:

"అవ్వ ఒకతే కాదు నాన్నా. లోపల జనం నిండా ఉండారు. చీకటైపోయింది. వాళ్ళింటికి వాళ్ళు ఎట్ల పోతారు?"

ఇన్నాళ్ళూ ఆట పోయిందని ఏడుస్తోందనుకున్నాను. ఈ పిల్ల రోజూ ఏడ్చింది ఆట కోసం కాదు, నడిరోడ్డు మీద చీకట్లో నేను వదిలేసిన ఒక బస్సెడు మంది కోసం. వాళ్ళెవరూ లేరని నాకు తెలుసు. ఆమెకూ తెలుసేమో. అయినా వాళ్ళ బాధ్యత తనది.

తాళం తీశాను. అత్తగారు కిరుమాంబాక్కంలో దిగింది. మిగతావాళ్ళు కన్నియకోవిల్‌లో కొందరు, కడలూరులో కొందరు దిగారు. బస్సు షెడ్డులో పెట్టి, తలుపులు మూసి, ట్యాబు తానే ఆపేసి, మా అమ్మాయి దోసె తినడానికి వచ్చింది. అంతే. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

ఆ రాత్రే కొత్త నిబంధన చేశాను. ట్రిప్పు మధ్యలో ఎవరూ ఆపకూడదు, ట్రిప్పు అయ్యాక ఎవరూ నడపకూడదు. మా అమ్మాయి దాన్ని పైకి అనుకుంది, మళ్ళీ అనుకుంది. ఆమె ఒక మాటను అలా అనుకుందంటే అది శిలాశాసనం కిందే లెక్క. మర్నాటి నుంచి కేకల్లేవు, కొరుక్కోవడాల్లేవు. నేను ఆఫీసులో పక్క సీటాయనకు పిల్లల పెంపకం మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం ట్రిప్పు ఎంతకీ అవ్వలేదు. దోసె చల్లారిపోయింది.

"కడలూరు ఇంకా రాలేదా తల్లీ?"

"ఇది చిదంబరం బస్సు."

ఆ తర్వాత నాగపట్నం బస్సు వచ్చింది. ఇంకో రోజు బెంగళూరు. "మరి అన్నం?" అని అడిగితే "తిండివనంలో ఆపుతా" అంది. అది మోసం కాదు. ఈ పిల్లకు మోసం చెయ్యడం రాదు. ట్రిప్పు అన్నానే తప్ప ఎక్కడి నుంచి ఎక్కడికో నేను చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా సర్కారు ఉత్తర్వులు రాస్తున్నవాణ్ణి ఐదో తరగతి పిల్ల పట్టేసింది. మా ఆవిడ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సవరణ ప్రకటించాను. పుదుచ్చేరి నుంచి కడలూరు, పోను ఒకటి, రాను ఒకటి. మా అమ్మాయి మహా సంతోషంగా ఒప్పుకుంది. అసలామెకు ప్రాణమైన రూటు అదే.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇన్ని స్టాపులు కంఠతా వచ్చిన పిల్ల అసలు బస్సు ఎందుకెక్కదు? హారనే కదా అడ్డం. చెవులకు పెట్టుకునే మందపాటి మూతలు తెప్పించాం. జనం పల్చగా ఉండే ఆదివారం పొద్దున, నేనూ అమ్మాయీ అత్తగారూ కొత్త బస్టాండుకు వెళ్ళాం. కిరుమాంబాక్కంలో మా అత్తగారి అక్కగారింట్లో మధ్యాహ్నం భోజనం. నాటుకోడి అని ముందే కబురొచ్చింది.

మా అమ్మాయి ఎక్కింది. ఎక్కి, తిన్నగా డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. హారను మోగినప్పుడల్లా మూతల మీద చేతులు కూడా పెట్టి నొక్కుకుంది. కానీ ఆమె కళ్ళు గేరు రాడ్డు మీద, డ్రైవరు చేతుల మీద ఉన్నాయి. ముదలియార్‌పేట రాకముందే "ముదలియార్‌పేట" అని అరిచింది. బస్సులో వాళ్ళు తిరిగి చూశారు. అరియాంకుప్పం వచ్చేసరికి కండక్టరు తాను అరవడం మానేసి ఈమెకే వదిలేశాడు. నేను ఉబ్బిపోయాను. బడి మనదే అనుకున్నాను.

కిరుమాంబాక్కం వచ్చింది. అత్తగారు దిగింది. నేను లేచి చెయ్యి చాచాను.

"రా తల్లీ, దిగుదాం."

"ట్రిప్పు ముగియలే."

"అవ్వ దిగిపోయింది కదమ్మా. కోడికూర..."

"ట్రిప్పు మధ్యలో ఎవరూ ఆపకూడదని నువ్వే చెప్తివి."

"ఎరంగుంగ సార్" అని, దిగమని కండక్టరు తొందరపెట్టాడు. వెనకవాళ్ళు సణిగారు. పిల్ల ముందు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిశ్చలంగా కూర్చుంది. లాగితే ఏమవుతుందో నాకు తెలుసు. కూర్చుని కడలూరుకు టికెట్లు తీసుకున్నాను. కిటికీలోంచి చూస్తే మా అత్తగారు రోడ్డు మీద నిలబడి మమ్మల్ని తెలుగులోనూ తమిళంలోనూ పిలుస్తోంది.

కడలూరులో మా అమ్మాయి అందరికన్నా ముందు హాయిగా దిగింది. డ్రైవరుకు "పోయొస్తా" అని చెప్పింది. తిరుగు బస్సెక్కాం. ఈసారి కిరుమాంబాక్కంలో దింపవచ్చని ఆశపడ్డాను. నా ఆశకు బుద్ధి లేదు. ఆ బస్సు ట్రిప్పు ముగిసేది పుదుచ్చేరిలో కదా. కిరుమాంబాక్కం స్టాపులో అత్తగారు ఎండలో నిలబడి రెండు చేతులూ ఊపింది. మా అమ్మాయి మర్యాదగా తిరిగి చెయ్యి ఊపింది. బస్సు కదిలింది. ఆ సాయంత్రం అత్తగారు వేరే బస్సులో వచ్చి, కోడికూర క్యారియరు నా ముందు టక్కున పెట్టి, "తినండి మాపిళ్ళా, మీ రూలు పుణ్యమా అని చల్లారిపోయె" అంది.

బస్సెక్కితే చాలని మొక్కుకున్నాను. దేవుడు అంతవరకే విన్నాడు. ఆ తర్వాత ఇంకా కొన్ని ఆదివారాలు ప్రయత్నించాం. బతిమాలాం. టికెట్ ఉన్నచోట ప్రయాణికులు దిగొచ్చని వివరించాను. "నేను డ్రైవరు" అంది. చాక్లెట్టు చూపించాను. చాక్లెట్టు తీసుకుని కడలూరు వెళ్ళింది. ఒకనాడు మా ఆవిడ ఉతికిన బట్టలు మడత పెడుతూ, తలెత్తకుండా, "నేను మానుకుంటాలే. వేరే ఏం చేసేది?" అంది. ఆ ఉద్యోగం ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. నేనూ రెండు బట్టలు తీసుకుని మడత పెట్టాను.

మే నెలలో మా అమ్మాయి చూపుడువేలు తలుపు సందులో నలిగింది. కట్టు కట్టారు. వేలు ఆడదు, స్టీరింగు తిరగదు. ఆరున్నర అవుతోంది.

"బస్సు తియ్యకపోతే జనం ఎట్ల పోతారు?" అని హాల్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది.

"నేను నడుపుతాను" అన్నాను, మంచితనానికి పోయి.

"నువ్వొద్దు. నువ్వు మధ్యలో ఆపేస్తావు."

మా ఆవిడకు ఆట రాదని పిల్లకు తెలుసు. మిగిలింది అవ్వ. అలా కిరుమాంబాక్కం రైతు బిడ్డ, అరవై దాటిన మనిషి, ట్యాబు పట్టుకుని చెక్క స్టూలు ఎక్కింది. మనవరాలు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అవ్వ సంచి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు మొదట దీపస్తంభాన్ని గుద్దింది, తర్వాత చెట్టెక్కబోయింది. "బ్రేకు యాడుండాది పాపా? అయ్యో, ఎవురో అడ్డం వస్తా ఉండారే! గమ్మున పక్కకు పోరా నాయనా!" అని తెరలోపలివాళ్ళను తిట్టింది. కాస్త కుదుటపడ్డాక, వేషం కట్టాక ఆడాల్సిందే కదా, గొంతు సవరించుకుని అడిగింది:

"ఎవురమ్మా ఎక్కింది? యాడికి?"

మా అమ్మాయి తడబడింది. ఆ ప్రశ్న ఆమెను ఎప్పుడూ ఎవరూ అడగలేదు. డ్రైవరును ఎక్కడికని అడిగేవాళ్ళుండరు. కుర్చీ కేసి చూసుకుంది, సంచి కేసి చూసుకుంది. ఆ కుర్చీలోంచి ఆమె రోజూ వినే మాట ఒకటే.

"కిరుమాంబాక్కం ఒకటి" అంది మెల్లగా.

నేనూ మా ఆవిడా వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాం. తవళకుప్పం పోయింది. బస్సు సగం రోడ్డు మీద, సగం పొదల్లో నిలబెట్టి అత్తగారు "కిరుమాంబాక్కం! దిగాల్సినవాళ్ళు బిన్నా దిగండి!" అని అరిచింది. పిల్ల కాసేపు కదల్లేదు. తర్వాత లేచింది. సంచి సర్దుకుంది. మా మధ్యలోంచి దారి చేసుకుని వంటింట్లోకి వచ్చి, అక్కణ్ణుంచి కేక పెట్టింది:

"అవ్వా, నువ్వు పో! రైట్!"

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చాలా రోజుల తర్వాత పట్టుకుంది.

వేలు నయమయ్యాక కూడా అవ్వ స్టూలు దిగలేదు. అదింకో కథ. "డ్యూటీలో ఉండాను, మాట్లాడించొద్దండి" అనేది. పుదుచ్చేరి, కడలూరు అని నేను పెట్టిన హద్దును మొదట దాటింది ఆవిడే. ఒకరోజు ఎనిమిదైనా దిగకపోతే అడిగాను. "తిరపతి పోతా ఉండాము. మధ్యలో ఆపితే పాపం మీకే తగుల్తాది" అంది. పిల్ల స్క్రీను టైముకు హద్దు పెట్టమన్న డాక్టరమ్మను అత్తగారి సంగతి కూడా అడుగుదామా అనుకున్నాను, ధైర్యం చాలలేదు. చివరికి మనవరాలే వంతులు పెట్టింది. ఒకనాడు అవ్వ నడుపుతుంది, ఒకనాడు తాను. వెనక కూర్చున్నప్పుడల్లా మా అమ్మాయి కిరుమాంబాక్కంలో దిగుతోంది. ఒక సాయంత్రం ఎవరూ అడక్కుండానే, పళ్ళెం ముందు కూర్చుని చెప్పింది: "డ్రైవరు కడలూరు పోవాల. టికెట్ ఉండేవాళ్ళు టికెట్ ఉండే తావులో దిగాల." మేం ముగ్గురం తలలూపి అన్నం కలుపుకున్నాం. ఎవరైనా ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే చెడిపోతుందేమోనని భయం.

ఆ భయంతోనే అసలు బస్సులో మళ్ళీ ప్రయత్నించి చూడలేదు. ఒకసారి దిగకపోతే అదే శాసనమై కూర్చుంటుంది. బడి తెరిచే రోజు దాకా వేచి చూశాం.

ఆ రోజు పొద్దున మా ఆవిడ పిల్లకు జడలు వేసి, ముద్దు పెట్టబోయి, ముద్దులు ఆమెకు పడవని గుర్తొచ్చి, బ్యాగు పట్టీ సరిచేసి సేదరపేట్ వెళ్ళిపోయింది. నేను ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి వీళ్ళిద్దరితో బస్టాండుకు వెళ్ళాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఎలాగో డ్రైవరు వెనక సీటు దొరికింది. కండక్టరు మా ఆదివారాల కండక్టరే. నన్ను చూసి ముందే నవ్వాడు.

"కిరుమాంబాక్కం ఒకటి" అంది మా అమ్మాయి, ఎవరి సాయమూ లేకుండా.

"నాకూ ఒకటి" అంది అత్తగారు.

నేను కొంచెం గొంతు తగ్గించి "కడలూరు ఒకటి" అన్నాను. పిల్ల దిగకపోతే వెంట ఎవరో ఒకరు ఉండాలి కదా. ముందుజాగ్రత్త అని నాకు నేను చెప్పుకున్నాను. మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసి మళ్ళీ గేరు రాడ్డు వైపు తిరిగింది.

స్టాపులు ఆమె అరవలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. అరియాంకుప్పం వంతెన దాటాం. తవళకుప్పంలో జనం ఇంకా ఎక్కారు. కిరుమాంబాక్కం అని కండక్టరు అరిచాడు. అత్తగారు లేచింది. మా అమ్మాయి కడ్డీ పట్టుకుని అలాగే కూర్చుంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి సీటు ఖాళీగా ఉంది. ఆమె మెట్ల దగ్గర ఉంది, అవ్వ కంటే ముందు.

గబగబా లేచి వాళ్ళ వెనకే దిగబోయాను. కింది మెట్టు మీద ఆమె వెనక్కి తిరిగి అరచెయ్యి చూపించింది.

"నీ టికెట్టు కడలూరు నాన్నా. నువ్వు కూచో."

"అది కాదు తల్లీ..."

"కూచో."

ఆమె దిగింది. అవ్వ దిగింది. "పోలాం, రైట్" అన్నాడు కండక్టరు. బస్సు కదిలింది. నేను కిటికీలోంచి భుజాల దాకా బయటికి వంగి చూశాను. మా అమ్మాయి అవ్వ చెయ్యి పట్టుకుని, రోడ్డుకు అటూ ఇటూ చూసి, దాటి, బడి ఉన్న సందులోకి తిరిగింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, కానీ అంతా సంతోషం కాదు.

కన్నియకోవిల్ దగ్గర ఫోన్ మోగింది. వెనక యంత్రాల చప్పుడు.

"దిగిందా?"

"దిగింది."

మా ఆవిడ ముక్కు ఎగబీల్చి అడిగింది, "మీరు యాడుండారు? బడి కాడనా?"

"బస్సులో. నన్ను దిగనివ్వలేదు. నా టికెట్టు కడలూరుది."

"కడలూరు టికెట్టు ఎందుకు తీసితిరి?"

నేను చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది. పకపకా నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది, సూపర్వైజరు వస్తున్నాడని ఫోన్ పెట్టేసింది. పిల్ల మీద నమ్మకం చాలక కొన్న టికెట్టుతో నేనొక్కణ్ణే కడలూరు దాకా వెళ్ళాను.